మొదట దేనిని వేరుచేయవలెను?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మిరప కల్లములో పనిచేసినవారికి ఒక సంగతి తెలిసియే యుండును. కోసి తెచ్చిన పండ్లను కల్లములో పరచుటకు ముందే కుళ్ళినవానిని, పుచ్చినవానిని ఏరి అవతల పారవేయుదురు. తాలుకాయలను మాత్రము అప్పుడే ఏరరు. కాయ ఎండి రంగు తేలిన పిదపనే తాలు ఏరుట సాగును. రెండును ఏరివేయు పనులే. కాని ఒకటి మొదట జరుగవలెను, రెండవది చివర జరుగవలెను. కుళ్ళినదానిని చివరిదాక ఉంచినచో అది ప్రక్క కాయను చెరచును. తాలును మొదటనే ఏరబూనినచో పచ్చిమీద గుర్తు తెలియక, చేసిన పనినే మరల చేయవలసి వచ్చి కూలి రెట్టింపగును. ఈ వరుసను ఏ గ్రంథమును చూచి ఎవరును నేర్వలేదు; నష్టపడి నేర్చిరి.

ఈ ప్రసంగమునకు విషయము ఆ వరుసయే. పెద్ద రసాయన కర్మాగారములలో ఒకదానితో నొకటి కలసియున్న ద్రవములను కాచి, ఆవిరిచేసి, ఒక్కొక్కటిగా వేరుచేయుదురు. అచ్చటను అడుగవలసిన మొదటి ప్రశ్న ఇదియే: మొదట దేనిని వేరుచేయవలెను? దానికి సరియైన జవాబు దొరకినచో బొగ్గు మిగులును, నీరు మిగులును. దొరకనిచో ఆ కర్మాగారము నడచినంతకాలము, దినదినమును, రెండును వృథా యగుచుండును.

బట్టి అను మాట వినగానే సారాయి తలపునకు వచ్చుట సహజము. కాని బట్టిలో జరుగు క్రియ చెడ్డది కాదు; మంచిచెడ్డలు దానిని వాడుకొను మనుష్యునివి. గులాబీ పన్నీరును, సూదిమందులో కలుపు శుద్ధజలమును, లాంతరులో పోయు కిరసనాయిలును ఆ క్రియవలననే వచ్చుచున్నవి. పాఠ్యగ్రంథములలో దీనికి స్వేదనమని పేరు. అన్నము ఉడుకునప్పుడు మూతకు చెమ్మ పట్టును. కుండలోని నీరు ఆవిరియై పైకి లేచి, చల్లని మూతను తాకి మరల నీరగును. గంజిలోని పిండి ఆవిరి కాలేక క్రిందనే నిలుచును. ఆ చెమ్మను వేరొక గిన్నెలోనికి పట్టినచో అదియే స్వేదనము. తేలికగా మరుగునది పైకి పోవును. మరుగుటకు హెచ్చు వేడి కోరునది అడుగున ఉండిపోవును. ఈ శాస్త్రమునకంతకును మూలము ఇంతియే.

గుంటూరు, ప్రకాశము సీమలలో ఈ క్రియ ఎచ్చట జరుగుచున్నదో వెదకుటకు దూరము పోనక్కరలేదు. పత్తిమిల్లులో దూది వేరుపడి గింజ మిగులును. ఆ గింజను యంత్రములతో ఎంత పిండినను చెక్కలో నూటికి ఆరేడు పాళ్ళ నూనె మిగిలిపోవును. హెక్సేను అను ద్రావకముతో కడిగినచో ఆ మిగులు నూటికి ఒక పాలు లోపునకు తగ్గును. హెక్సేను పెట్రోలియమునుండి వచ్చు తేలికైన ద్రవము. సుమారు 69 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగును. నూనె ఆ వేడికి ఆవిరి కాదు. కావున నూనెను కరగించుకొన్న హెక్సేనును కాచినచో హెక్సేను లేచిపోయి నూనె నిలుచును. లేచిన ఆవిరిని చల్లార్చి, ద్రవముగా మార్చి, మరల క్రొత్త గింజలపై పోయుదురు. నూనెలో దాగిన చివరి చుక్కలను వెడలగొట్టుటకు పాత్రలోని పీడనమును తగ్గించి, నీటియావిరిని నూనెలోనికి ఊదుదురు. నీరును హెక్సేనును కలియవు. తొట్టిలో నిలువబెట్టినచో హెక్సేను పైకి తేలును.

ఇచ్చట వేరుచేయవలసినవి నూనె, ద్రావకము అను రెండే. రెండింటి నడుమ గీత గీయదగిన చోటు ఒక్కటే. వరుసను గూర్చి సందేహమునకు తావు లేదు. మూడవ వస్తువు వచ్చి చేరినప్పుడే చిక్కు మొదలగును.

ఆ చిక్కును తెలిసికొనుటకు ముందు స్వేదన స్తంభము సంగతి కొంత తెలియవలెను. నూనెకును హెక్సేనుకును మరుగు వేడిలో చాల దూరము కలదు గనుక అవి తేలికగా విడిపోవును. అట్టి దూరము లేని రెండు ద్రవములను కాచినచో రెండును ఆవిరి యగును. తేలికైనది కొంచెము హెచ్చుగా లేచును, అంతే. ఒక్కమారు కాచినందువలన శుద్ధి చేకూరదు. చాటతో ఒక్కమారు చెరిగినంత మాత్రమున ధాన్యములోని పొల్లు అంతయు పోదు గదా! మరల మరల చెరుగవలెను. స్తంభము చేయు పని అదియే. ఎత్తైన ఉక్కు గొట్టములో ఒకదానిపై నొకటిగా అనేక పళ్ళెములు బిగింతురు. అడుగున కాచిన ఆవిరి పళ్ళెము తర్వాత పళ్ళెముగా పైకి ఎక్కును. పైన చల్లబడిన ద్రవములో కొంత భాగమును మరల స్తంభము నెత్తిపై పోయగా అది పళ్ళెము తర్వాత పళ్ళెముగా క్రిందికి దిగును. ఎక్కునదియు దిగునదియు ప్రతి పళ్ళెములోను కలసికొనును. తేలికైనది ఆవిరితో పోవును, బరువైనది ద్రవముతో దిగును. ఒక్కొక్క పళ్ళెము ఒక్కొక్క చెరుగుట వంటిది.

నెత్తిన మరల పోయు ద్రవము హెచ్చినకొలది శుద్ధి హెచ్చును. కాని ఆ ద్రవమును మరల ఆవిరి చేయవలెను గనుక బొగ్గు ఖర్చును హెచ్చును. పళ్ళెములెన్ని వలెనో గీతలు గీసి లెక్కించు పద్ధతిని 1925లో అమెరికాలో మెక్కేబ్, థీలే అను ఇద్దరు ప్రకటించిరి. మూడు నాలుగు వస్తువులు కలసియున్నప్పుడు ఎంత తక్కువ ఆవిరితో పని జరుగునో లెక్కగట్టు సూత్రమును 1948లో అండర్‌వుడ్ ప్రకటించెను. నేటికిని ఇంజనీరింగు విద్యార్థులు ఈ రెండింటిని నేర్చుకొనుచున్నారు.

ఇప్పుడు మూడు వస్తువుల సంగతి. దీనికి ఉదాహరణము విశాఖపట్టణములో కలదు. విశాఖ ఉక్కు కర్మాగారము కొఱకు 1966లో ఆంధ్రదేశమంతట ఉద్యమము జరిగెను. 1971లో శంకుస్థాపన జరిగెను. 1992లో కర్మాగారము జాతికి అంకితమయ్యెను. ఉక్కు చేయుటకు ముందు బొగ్గును గాలి తగులకుండ కాల్చి కోకుగా మార్చవలెను. అప్పుడు వెలువడు వాయువులో బెంజీను, టోలీను, జైలీను అను మూడు ద్రవములు ఆవిరి రూపమున ఉండును. బెంజీను 80 డిగ్రీలకును, టోలీను 111 డిగ్రీలకును, జైలీను 138 మొదలు 144 డిగ్రీల వరకును మరుగును. మందులకును, రంగులకును, నైలాను దారమునకును బెంజీను మూలవస్తువు. టోలీను రంగులను పలుచన చేయును. పత్తిపై చల్లు పురుగుమందులలో అనేకమునకు జైలీను ద్రావకముగా ఉపయోగపడినది. పల్నాటి పత్తి చేనికిని విశాఖ కోకు బట్టీకిని ఇట్టి చుట్టరికము కలదు.

ఒక్క స్తంభము ఒక్క గీతను మాత్రమే గీయగలదు. మిశ్రమమును పైభాగము, క్రిందిభాగము అని రెండుగా చీల్చును. మూడింటిని విడదీయుటకు రెండు స్తంభములు వలెను. రెండు వరుసలు సాధ్యము. మొదటి స్తంభములో బెంజీనును పైకి తీసి, మిగిలిన రెండింటిని రెండవ స్తంభములో విడదీయుట ఒకటి. మొదటి స్తంభములో బెంజీను, టోలీను రెండింటిని కలిపి పైకి తీసి, జైలీనును అడుగున వదలి, తర్వాత ఆ రెండింటిని విడదీయుట రెండవది. రెండు వరుసలలోను స్తంభములు రెండే; వచ్చు సరకులు మూడే. చూచువారికి భేదమేమియు కానరాదు.

భేదము బొగ్గు పద్దులో కానవచ్చును. నూరు భాగముల మిశ్రమములో బెంజీను 70, టోలీను 20, జైలీను 10 ఉన్నవని అనుకొనుడు. మొదటి వరుసలో బెంజీను ఒక్కమారే పైకి పోయి బయటపడును. రెండవ వరుసలో ఆ 70 భాగముల బెంజీను టోలీనుతో కలసి ఒకమారు పైకి పోవలెను; ద్రవమై, రెండవ స్తంభములో మరల ఆవిరి కావలెను. ఒక్క సరకునకు రెండుమారులు బండి కిరాయి ఇచ్చినట్లు! అండర్‌వుడ్ సూత్రముతో లెక్కించినచో మొదటి వరుసకు కనీసము 180 భాగముల ఆవిరియు, రెండవ వరుసకు 260 భాగముల ఆవిరియు వలెనని తేలును.

నిత్యము నూరు టన్నుల మిశ్రమమును వేరుచేయు కర్మాగారమున ఈ 80 భాగముల తేడా 80 టన్నుల ఆవిరి యగును. ఒక కిలో బెంజీనును ఆవిరి చేయుటకు సుమారు 94 కిలోకేలరీల వేడి వలెను. సామాన్యమైన బొగ్గు కిలో ఒకటికి బాయిలరు నష్టము పోగా 3,000 కిలోకేలరీలు చేతికి వచ్చుననుకొన్నచో, దినమునకు రెండున్నర టన్నుల బొగ్గు అదనముగా కాలును. సంవత్సరమునకు అది 800 టన్నులు దాటును. అంతటితో తీరలేదు. క్రింద పోసిన వేడిని పైన చల్లార్చవలెను. చల్లార్చు గోపురములలో ఆ వేడి నీటిని ఆవిరిచేసికొని పోవును. దినమునకు సుమారు పదమూడు వేల లీటర్ల నీరు గాలిలో కలియును. ఈ నష్టమంతయు ఏ యంత్రము చెడినందువలనను కాదు, ఏ పనివాని సోమరితనమువలనను కాదు. కాగితముపై వరుస వ్రాసిననాడు జరిగిన పొరపాటువలన.

అట్లైన తేలికైనదానిని మొదట తీయుటయే ఎల్లప్పుడును మేలని నిశ్చయింపవచ్చునా? వీలు లేదు. అవే మూడు ద్రవములు వేరు పాళ్ళలో ఉన్నవనుకొనుడు: బెంజీను 5, టోలీను 15, జైలీను 80. ఇప్పుడు మొదట బెంజీనును తీయబోయినచో ఆ స్వల్పవస్తువు కొఱకు జైలీను భారమునంతను మొదటి స్తంభములో మోయవలెను. ఆ జైలీనే మరల రెండవ స్తంభమునకు పోవును. లెక్క తిరుగబడును. తేలికైనదానిని మొదట తీయు వరుసకు సుమారు 124 భాగముల ఆవిరి వలెను. బరువైన జైలీనును మొదట వదలించుకొను వరుసకు 110 భాగములే చాలును. అవే వస్తువులు, అవే స్తంభములు, పాళ్ళు మాత్రమే మారినవి. నిన్నటి మేలైన వరుస నేడు నష్టపు వరుస యగును.

వస్తువులు హెచ్చినకొలది వరుసలును హెచ్చును. నాలుగు వస్తువులున్నచో మొదటి గీతను మూడు చోట్ల గీయవచ్చును. మొదటిదానిని విడదీసినచో మిగిలిన మూడింటికి రెండు వరుసలు; చివరిదానిని విడదీసినను రెండు వరుసలు; నడుమ చీల్చినచో ఒక్క వరుస. వెరసి ఐదు. ఐదు వస్తువులకు 14 వరుసలు, ఆరింటికి 42, ఏడింటికి 132, పదింటికి 4,862. విశాఖలో 1957లో కాల్టెక్సు సంస్థ ప్రారంభించిన ముడి చమురు శుద్ధి కర్మాగారము 1978నుండి హిందూస్థాన్ పెట్రోలియము సంస్థలో కలసినది. అట్టి కర్మాగారములలో వంటగ్యాసు మొదలు పెట్రోలు వరకు గల తేలిక సరకులను విడదీయునప్పుడు ఈ ప్రశ్న కేవలము లెక్కల వినోదము కాదు. ప్రతి వరుసను కట్టి చూచుట ఎవరికిని సాధ్యము కాదు. కట్టిన స్తంభమును పీకి మరల నాటుట అంతకంటె అసాధ్యము.

అందుచేత ఇంజనీర్లు కొన్ని సూత్రములను పోగుచేసికొనిరి. 1947లో లాక్‌హార్ట్ అను నతడు సహజవాయువునుండి వచ్చు పెట్రోలును విడదీయు వరుసలను పోల్చి వ్రాసెను. 1972లో థాంప్సన్, కింగ్ అను నిద్దరు అట్టి వరుసలను క్రమపద్ధతిని ఎంచుకొను విధమును వివరించిరి. ఇట్టివారి పరిశ్రమవలన తేలిన సూత్రములు రైతునకు క్రొత్తవి కావు.

హానిచేయుదానిని మొదట తీయవలెను. ఉక్కును తినివేయు ఆమ్లమైనను, ఇతర వస్తువులను చెరచునదైనను ఉన్నచో, దానిని స్తంభము వెంట స్తంభము త్రిప్పరాదు. కుళ్ళిన కాయను ముందే పారవేయుట ఇదియే.

హెచ్చుగా ఉన్నదానిని ముందు వదలించుకొనవలెను. దాని భారము తగ్గినచో తర్వాతి స్తంభములన్నియు చిన్నవి కావచ్చును.

విడదీయుటకు కష్టమైన జంటను చివరకు ఉంచవలెను. మరుగు వేడిలో దగ్గరగా ఉన్న రెండు ద్రవములకు పళ్ళెములు హెచ్చు, ఆవిరి హెచ్చు. ఆ కష్టమైన పనిని ఇతర వస్తువులు చుట్టును ఉండగా చేసినచో ఆ ఆవిరినంతను వాని కొఱకు కూడ మోయవలెను. వారు పోయిన పిదప రెండింటిని మాత్రమే పెట్టుకొని చేయుట మేలు. తాలు ఏరుట చివర జరుగుటకు కారణమిదియే.

వీలైనచో మిశ్రమమును ఇంచుమించు సగము సగముగా చీల్చవలెను. ఏ సూత్రమును గట్టిగా చెప్పనిచో, తేలికైనదానినుండి మొదలుపెట్టి ఒక్కొక్కటిగా తీయవలెను.

ఈ సూత్రములు ఒకదానితో నొకటి పోట్లాడును. హెచ్చుగా ఉన్నదియే విడదీయుటకు కష్టమైనది కావచ్చును. అట్టిచోట సూత్రము చాలదు, లెక్క వలెను. లెక్కకు ఆధారము కొలత. ఏ వేడిలో, ఏ పాళ్ళలో, ఏ ద్రవమునుండి ఎంత ఆవిరి లేచునో ప్రయోగశాలలో ఓపికతో కొలిచినవారుండుటచేతనే లెక్క సాధ్యమగుచున్నది. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు రసాయన ఇంజనీరింగు శాఖలోని పరిశోధకులు అట్టి కొలతలను ఎన్నింటినో ప్రకటించిరి. తెలుగుదేశములో కొలిచిన అంకెలు ఇతర దేశముల గ్రంథములకు ఎక్కినవి.

కొన్ని జంటలు స్తంభమునకు లొంగనే లొంగవు. దీనికి ఉదాహరణము మిరపకాయయే చూపును. మిరపలోని కారమును రంగును కలిపి సారముగా తీయుదురు. ఆ చిక్కని ఎర్రని సారమునకు ఓలియోరెసిన్ అని పేరు. గుంటూరు సీమలో ఈ పరిశ్రమ కలదు. కారమునకు మూలమైన పదార్థమును 1816లో బుకోల్జ్ మొదటిసారి బయటకు తీసెను. 1876లో థ్రెష్ దానికి కాప్సైసిన్ అని పేరు పెట్టెను. కాప్సైసినును సామాన్య పీడనములో కాచి పైకి తీయబూనినచో అది చెడిపోవును. రంగు అంతకంటె సుకుమారము. కావున వానిని కదిలింపక, వానిని కరగించిన ద్రావకమునే తక్కువ పీడనములో, తక్కువ వేడిలో లేపివేయుదురు. హానికి లోనగు వస్తువును వేడికి దూరముగా ఉంచుట ఇచ్చటి మొదటి ధర్మము.

ఇట్టి సారమును తీయుటకు హెక్సేను, అసిటోను, ఇథైల్ అసిటేటు మొదలగు ద్రావకములు ఉపయోగపడును. అసిటోను 56 డిగ్రీలకును, హెక్సేను 69 డిగ్రీలకును మరుగును. రెండును కలసిన మిశ్రమమును కాచినచో 56 వద్ద అసిటోను, 69 వద్ద హెక్సేను వచ్చునని ఎదురుచూచుట న్యాయమే. కాని అట్లు జరుగదు. రెండును కలసి సుమారు 50 డిగ్రీల వద్దనే, ఒక నిర్ణీతమైన పాళ్ళలో, ఒకే ద్రవమువలె లేచిపోవును. ఎన్ని పళ్ళెములు పెట్టినను, ఎంత బొగ్గు కాల్చినను ఆ పాళ్ళను దాటి విడిపోవు. సారాయి శాస్త్రము తెలిసినవారు దీనిని ఎరుగుదురు. మద్యసారమును నీటిని ఎంత స్వేదనము చేసినను నూటికి 95, 96 పాళ్ళ వద్ద నిలిచిపోవును.

ఇచ్చట బలము పనికిరాదు, వరుస పనికివచ్చును. స్తంభమునకు పంపుటకు ముందే ఆ మిశ్రమమును నీటితో కడుగవలెను. అసిటోనునకు నీరన్న ప్రీతి. అది నీటితో పోవును. హెక్సేను నీటిని అంటదు, పైకి తేలును. అప్పుడు అసిటోనును నీటిని స్తంభములో విడదీయుట తేలిక, ఏలయన ఒకటి 56కు, వేరొకటి 100కు మరుగును. కడిగి కాచినచో పని ముగియును. కడుగక కాచినచో ఎన్నటికిని ముగియదు. మొదట చేయవలసిన పని ఒక్కొక్కప్పుడు స్వేదనమే కాదని ఇందువలన తెలియుచున్నది.

వరుసను సరిచేసిన తర్వాత చేయవలసిన పొదుపు వేరొకటి కలదు. తెలుగింటి పొయ్యి ప్రక్కన పొంతకాగు ఉండెడిది. అన్నమునకు పెట్టిన మంటయే పొంతలోని నీళ్ళను కాచెడిది. స్నానమునకు వేరే కట్టెలు అక్కరలేకుండెను. స్తంభముల యందును అట్లే చేయవచ్చును. ఒక స్తంభమును హెచ్చు పీడనములో నడిపినచో దాని నెత్తిన లేచు ఆవిరి మిక్కిలి వేడిగా ఉండును. ఆ ఆవిరిని నీటితో చల్లార్చక, తక్కువ పీడనములో నడచు రెండవ స్తంభమును కాచుటకు పంపవచ్చును. ఒక్క బొగ్గు రెండు పనులు చేయును. చల్లార్చు నీరును తగ్గును. చక్కెర రసమును కాచు పాత్రలలో ఈ ఉపాయమును 1840 ప్రాంతమున అమెరికాలో నార్బర్ట్ రిలియు ప్రవేశపెట్టెను. నేడు మద్యసారమును తీయు అనేక కర్మాగారములలో ఇది నడచుచున్నది.

ఇంకొక ఉపాయము రెండు స్తంభములను ఒక్కదానిలో ఇముడ్చుట. నిలువుగా ఒక అడ్డుగోడను స్తంభము నడుమ నిలిపి, మూడు వస్తువులను ఒక్క స్తంభమునుండియే తీయవచ్చునని 1949లోనే అమెరికాలో పేటెంటు వెలువడెను. కాని అది ఆచరణలోనికి వచ్చుటకు చాలకాలము పట్టినది. 1985లో జర్మనీలోని లుడ్విగ్స్‌హాఫెన్ నగరములో బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థ మొదటి అడ్డుగోడ స్తంభమును నడిపెను. తగిన మిశ్రమములకు ఇందువలన నూటికి సుమారు 30 పాళ్ళ ఇంధనము ఆదా యగును. ఒకనాడు కాగితముపై పుట్టిన ఆలోచన కర్మాగారమునకు చేరుటకు ముప్పదియారు సంవత్సరములు పట్టినది.

ఇంత సూక్ష్మమైన లెక్క గ్రామవాసులకేల అని అడుగువారుండవచ్చును. మూడు కారణములు కలవు.

మొదటిది ఇంధనము. వస్తువులను వేరుచేయు క్రియలకు ప్రపంచమున ఖర్చగు శక్తిలో నూటికి 10 మొదలు 15 పాళ్ళు పోవుచున్నదని 2016లో నేచర్ పత్రికలో ఇద్దరు శాస్త్రజ్ఞులు వ్రాసిరి. ఆ ఖర్చు సరకు వెలలో చేరును. సరకు వెల కట్టునప్పుడు తగ్గించుటకు వీలైనది సామాన్యముగా ముడిసరకు ధరయే. అనగా వృథాగా కాలిన బొగ్గులో కొంత భాగము మిరప రైతు, పత్తి రైతు తలపై పడును.

రెండవది నీరు. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిదప ఈ మెట్ట పొలములలో ఎన్నో మాగాణులు, మిరప తోటలు వెలసినవి. అయినను వర్షము తప్పిన యేడు చివరి భూములకు నీరందుట ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. స్తంభములో ఒకమారు తక్కువగా కాచిన ప్రతి కిలో ద్రవమువలన చల్లార్చు నీరు మిగులును. బొగ్గు పొదుపును నీటి పొదుపును వేరు కావు. ఒక నాణెమునకు రెండు ప్రక్కలు.

మూడవది తినువారి క్షేమము. మసాలా సారములో హెక్సేను పది లక్షల పాళ్ళలో 25 పాళ్ళకును, అసిటోను 30 పాళ్ళకును మించరాదని అమెరికా దేశపు నిబంధన. ఆ కొద్ది శేషమును వెడలగొట్టుటయే కష్టము. తొంబది పాళ్ళు తీయుటకు పట్టు శ్రమకంటె చివరి పాలు తీయుటకు పట్టు శ్రమ హెచ్చు. వరుస సరిగాలేని కర్మాగారము ఇచ్చట తొందరపడును. తొందరపడినచో వేడి హెచ్చి రంగు చెడును. లేదా ద్రావకము మిగిలి సరకు తిరిగి వచ్చును. సరకు తిరిగివచ్చిననాడు యార్డులో ధర పడిపోవును. సముద్రము ఆవలి ప్రయోగశాలలోని ఒక అంకె కల్లములోని బస్తా వెలను నిర్ణయించుట ఇట్లు.

కావున ఈ సీమలో ఎవరైనను ద్రావకముతో పనిచేయు కర్మాగారమును పెట్టెదమని వచ్చినప్పుడు గ్రామసభలో అడుగదగిన ప్రశ్నలు కొన్ని కలవు. ఏ ద్రావకము వాడెదరు? దానిని ఎన్నిమారులు కాచి ఎంత తిరిగి పట్టెదరు? పట్టుబడనిది ఎచ్చటికి పోవును? చల్లార్చుటకు నీరు ఎచ్చటినుండి తెచ్చెదరు, ఒక స్తంభపు వేడిని వేరొక స్తంభమునకు వాడెదరా? హెక్సేను ఆవిరి గాలికంటె బరువు. నేలబారున ప్రాకి నిప్పురవ్వను వెదకికొనును. దానికి ఏ జాగ్రత్త చేసిరి? ఈ ప్రశ్నలు అడుగుటకు పట్టము అక్కరలేదు. సంగతి తెలిసి అడిగినవారికి జవాబు చెప్పక తప్పదు. సంగతి తెలియనివారి కోపమునకు భయపడువారు తక్కువ; తెలిసినవారి ప్రశ్నకు భయపడువారు హెచ్చు.

అందుకే గ్రామములో గ్రంథాలయము వలెను. ఇరువదియైదు సంవత్సరములుగా ఈ బీరువాలలో పురాణములు, నవలలు, వార్తాపత్రికలు చదివినవారి పిల్లలలో కొందరు రేపు రసాయన ఇంజనీర్లు కావచ్చును. వారికి పళ్ళెముల లెక్క కళాశాలలో నేర్పుదురు. కాని ఏది ముందు, ఏది వెనుక అను వివేకమునకు బీజము తల్లిదండ్రుల కల్లములోనే కలదు. కుళ్ళినదానిని ముందే తీసివేయుట, హెచ్చు భారమును త్వరగా దించుకొనుట, కష్టమైన ఏరుడును తీరికగా చివర చేయుట, ఒక మంటతో రెండు కుండలు కాచుట: ఇవి ఈ సీమ స్త్రీపురుషులు అక్షరము రాకున్నను ఎరిగిన సంగతులు. ఆ వివేకమునకు కొలతను, లెక్కను జోడించుటయే శాస్త్రము చేసిన పని.

పని మొదలుపెట్టుటకు ముందు ఒక గడియ కూర్చుండి వరుస ఆలోచించినందుకు ఖర్చు ఏమియు లేదు. ఆలోచింపనందుకు కలుగు ఖర్చు దినదినమును బొగ్గుగా, నీరుగా, ధరగా చెల్లింపవలసి యుండును. ఈ సంగతిని పిల్లలకు చెప్పుడు. ఈ యేడు కల్లములో వారిచేత కాయ ఏరించునప్పుడు, ఏది ముందు ఏరవలెనో చెప్పుటతో ఆగక, ఏల ముందు ఏరవలెనో కూడ చెప్పుడు.